జిడ్డు కృష్ణమూర్తి – చెట్టు నీడన తొలి చదువు

గుడియాత్తం నుండి ఉత్తరంగా ఆంధ్ర సరిహద్దు దాటి, పలమనేరు, పుంగనూరుల మీదుగా సాగితే మదనపల్లె వస్తుంది. ఆ ఊరిలో 1895 మే నెలలో ఒక తెలుగు కుటుంబంలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించారు. తండ్రి నారాయణయ్యగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సంజీవమ్మగారు. ఎనిమిదవ సంతానం కనుక ఆ బిడ్డకు దేవకీనందనుని పేరు పెట్టుకున్నారు. లోకం ఆయనను తత్త్వవేత్తగా గౌరవించింది. పసిపిల్లల చదువును గూర్చి ఆయన జీవితం చెప్పే పాఠం కూడ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోదగినది.

రెండేళ్ల ప్రాయంలో మలేరియా సోకి కృష్ణమూర్తి ప్రాణాపాయం దాకా వెళ్లారు. ఆ జ్వరం కొన్నేళ్లపాటు తిరగబెడుతూ ఉండటంచేత బడి చదువు సరిగా సాగలేదు. బడికి వెళ్లిన దినాలలోను పాఠం మీద మనస్సు నిలిచేది కాదు. మబ్బులను, మొక్కలను, పురుగులను చూస్తూ చాలాసేపు మైమరచి ఉండేవారు. ఇంటి గడియారాన్ని విప్పి, దాని లోపలి పనితనం తెలిసి తిరిగి బిగించేవరకు బడికి పోనని పట్టుబట్టిన సంఘటన ఆయన జీవితచరిత్రలలో కనిపిస్తుంది. అంతటి ఏకాగ్రత గల బాలుని పెద్దలు మందబుద్ధి అనుకున్నారు. 1905లో తల్లి మరణించింది. అప్పటికి ఆయనకు పదేళ్లు.

1909లో నారాయణయ్యగారు పిల్లలతో మద్రాసు అడయారుకు చేరారు. మైలాపూరులోని ఒక పాఠశాలలో కృష్ణమూర్తికి నిత్యం బెత్తం దెబ్బలే దక్కాయి. పాఠం అప్పజెప్పలేదని ఉపాధ్యాయుడు బయటకు పంపి, ఆ సంగతే మరచిపోయేవాడు. తమ్ముడు నిత్యానంద చేయి పట్టుకొని ఇంటికి తీసుకొని వచ్చేవాడు. ఆ యేడే అడయారు సముద్రతీరాన దివ్యజ్ఞాన సమాజానికి చెందిన లెడ్‌బీటర్ ఆ బాలుని చూచి, అసాధారణుడని భావించారు. అన్నదమ్ములను ఆ బడి మాన్పించారు. అనీబిసెంట్ వారి సంరక్షణ భారం వహించి, 1911లో ఇంగ్లండుకు తీసుకొని వెళ్లారు. పరదేశవాసంలో కృష్ణమూర్తికి మాతృభాషయైన తెలుగు క్రమంగా దూరమైంది. తనను జగద్గురువుగా నిలబెట్టేందుకు ఏర్పడిన సంస్థను 1929లో హాలెండులోని ఓమెన్‌లో ఆయనే రద్దు చేశారు.

అప్పటికే మదనపల్లెకు సమీపంలోని ఒక కొండలోయలో ఆయన ప్రేరణతో పాఠశాలకు స్థలం సేకరించారు. అదే ఋషివ్యాలీ. అక్కడి పెద్ద మర్రిచెట్టే ఆ స్థలం ఎంపికకు కారణమని చెప్పుకుంటారు. రాయలసీమ కరవు నేల, బండరాళ్లు, ఎండిన కొండలు. 1931 నుండి పాఠశాల అక్కడ నడుస్తూ వచ్చింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు తరతరాలుగా మొక్కలు నాటి పెంచారు. చెట్లు పెరిగిన కొద్దీ పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రదేశంగా గుర్తింపు పొందింది. సాయంవేళ పిల్లలు ఒకచోట కూర్చుండి, మాటలు లేకుండా సూర్యాస్తమయం చూడటం అక్కడి నిత్యకృత్యం. దానికి అస్తాచలం అని పేరు.

భయమున్న చోట బుద్ధి వికసించదని, ఒక బిడ్డను మరొక బిడ్డతో పోల్చడం ఇద్దరికీ హాని అని కృష్ణమూర్తి బోధించారు. ఆకును, పక్షిని, వాననీటిని నిదానంగా చూడటం చదువులో భాగమేనని ఆయన భావం. పేరు నేర్చిన వెంటనే పిల్లవాడు ఆ వస్తువును చూడటం మానివేయవచ్చని హెచ్చరించారు. 1953లో విద్యను గూర్చి ఆయన రచించిన గ్రంథం వెలువడింది. వృద్ధాప్యంలోను ఋషివ్యాలీకి వచ్చి, పిల్లలతో, ఉపాధ్యాయులతో సంభాషించేవారు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో కన్నుమూశారు.

అటువంటి వసతి పాఠశాల ఎందరికి అందుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చుట్టుపక్కల పల్లెలలో దొరికింది. 1980 దశకం నుండి ఋషివ్యాలీ గ్రామీణ విద్యా విభాగం ఆ పల్లెలలో చిన్న బడులు నెలకొల్పింది. ఒకే గది, వేర్వేరు వయస్సుల పిల్లలు, తెలుగులో బోధన, ఎవరి వేగంతో వారు నేర్చుకొనేందుకు కార్డులు, బడి చుట్టూ మొక్కలు. కృష్ణమూర్తికి దూరమైన తెలుగులోనే ఆ పసివారు అక్షరాలు దిద్దారు. ఈ పద్ధతి నుండి స్ఫూర్తి పొంది, తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక సంస్థ బడులలోను, 2007 నుండి రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక తరగతులలోను కార్డుల విధానం ప్రవేశపెట్టారు. కార్డులను ముద్రించి ఏ జిల్లాకైనా పంపవచ్చు. చెట్టును, ఏటిని పంపడం సాధ్యం కాదు. ఆ భాగాన్ని ఏ ఊరి బడి ఆ ఊరిలోనే సమకూర్చుకోవాలి.

వేలూరు, గుడియాత్తం ప్రాంతాలకు ఆ సంపద ఉన్నది. పలమనేరు కొండల నుండి దిగివచ్చే కౌండిన్య నది గుడియాత్తం మీదుగా సాగి పాలారులో కలుస్తుంది. ఏటిలో నీరు లేని నెలలలోను ఇసుక ఉంటుంది. మూడేళ్ల బిడ్డ తడి ఇసుకను పిసికితే వేళ్లకు బలం వస్తుంది. ఆ వేళ్లే రేపు బలపం పట్టాలి. చింతగింజలు లెక్కించినవానికి అంకెలు చేతికి అందుతాయి. వేపాకును, కానుగాకును పక్కపక్కన పెట్టి చూచిన బిడ్డకు తేడాలు గుర్తించడం అలవడుతుంది. అక్షరానికి అక్షరానికి గల తేడాను పట్టుకోవడానికీ ఆ చూపే అవసరం. ఇంట్లో వినే తెలుగు పేర్లను ఆ ఆకులతోను, గింజలతోను జతచేస్తే భాష కూడ నిలుస్తుంది.

బట్టలు మాసిపోతాయని, ఎండ తగులుతుందని, పురుగూ పుట్రా ఉంటాయని తల్లిదండ్రులు జంకడం సహజం. ఉదయపు చల్లని వేళ, శుభ్రం చేసిన ఆవరణలో, ఉపాధ్యాయుని కనుసన్నలలో ఒక గంట గడపడానికి ఈ భయాలు అడ్డుకావు. మాసిన బట్టలు ఉతికితే తెల్లబడతాయి. మందబుద్ధి అన్న ముద్ర మాత్రం అంత సులభంగా తొలగదు. మైలాపూరులో బయట నిలబెట్టిన బాలునికి చేయి అందించడానికి తమ్ముడొకడు ఉన్నాడు. ఏ తరగతిలోనైనా ఆకాశం వంక చూచే బిడ్డ కనిపిస్తే, ఏమి చూస్తున్నాడో అడిగి, పక్కన నిలిచి తామూ చూడటం పెద్దల కర్తవ్యం.