భక్షకకణ ద్రష్ట మెచ్నికోవ్

ముల్లు గ్రుచ్చుకొన్నచోట వాపు కలుగుట, చీము పట్టుట లోకమునకు అనాదిగా తెలిసిన విషయమే. ఆ వాపు దేహము సలుపు ఆత్మరక్షణ పోరాటమని నిరూపించిన శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికోవ్. జీవుల ఆత్మరక్షణను లోకమునకు చాటిన ఈ మహనీయుడే తన ప్రాణమును రెండుమార్లు త్యజింపబూనుట విచిత్రము.

ఆయన 1845లో నాటి రష్యా సామ్రాజ్యమున, నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతమున జన్మించెను. నాలుగేండ్ల విశ్వవిద్యాలయ విద్యను రెండేండ్లలో ముగించెను. 1865లో ఒక చదునుపురుగు దేహమున ఆహారము కణముల లోపలనే జీర్ణమగుట గమనించెను. ఆయన జీవితకృషికి నాడే బీజము పడెను.

1869లో క్షయరోగపీడితయైన ల్యుద్మీలాను వివాహమాడెను. నడువలేని వధువును కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొనిపోవలసివచ్చెను. ఆమెను బ్రతికించుకొనుటకు నాలుగేండ్లు పాటుపడినను ఫలింపలేదు. 1873లో మదీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. దుఃఖము భరింపలేక ఆయన నల్లమందు జాతి ఔషధమును మితిమీరి మింగెను గాని, బ్రతికి బయటపడెను. 1875లో ఓల్గాను పెండ్లాడెను. 1880లో ఆమెకు టైఫాయిడు సోకెను. ఆ పిమ్మట ఆయన మరల నిరాశకు లోనై, జ్వరపీడితుని రక్తమును తన దేహమున ఎక్కించుకొనెను. మృత్యువు ఈసారియు ఆయనను విడిచిపెట్టెను.

1882లో ఒడెస్సా విశ్వవిద్యాలయ పదవిని వీడి, సిసిలీ ద్వీపమున మెస్సీనా నగరము చేరెను. ఒకనాడు ఇంటివారందరు సర్కసు చూడ వెళ్ళిరి. ఆయన ఒంటరిగా సూక్ష్మదర్శినిలో నక్షత్రచేప డింభకమును పరిశీలించుచుండెను. దాని పారదర్శక దేహమున సంచరించు కణములు ఆహారమును జీర్ణించుకొనుటయే గాక, శత్రువులను గూడ మ్రింగునేమో యని తోచెను. తోటలోని గులాబి ముళ్ళను తెచ్చి డింభకమున గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారి చూడగా కణములు ముల్లును చుట్టుముట్టియుండెను! వానికే భక్షకకణములని పేరు వచ్చెను.

రోగనిరోధక శక్తి రక్తద్రవమునందే గలదని పలువురు జర్మను పండితులు ఆయనను ఎదిరించిరి. 1888లో పాశ్చర్ పారిస్‌లోని తన సంస్థలో ఆయనకు చోటిచ్చెను. 1908లో నోబెల్ బహుమానమును ఆయనకును, రక్తద్రవ పక్షమునకు చెందిన పాల్ ఎర్లిక్‌కును కలిపి యిచ్చిరి. రెండు పక్షములందును సత్యము కలదని తరువాతి పరిశోధనలు తేల్చెను. 1916లో ఆయన పారిస్‌లో మరణించెను.

కణము లోపలి జీర్ణక్రియ కథ అంతతో ముగియలేదు. 1955లో క్రిస్టియన్ ద డ్యూవ్ జీర్ణరసములు గల లైసోజోములను వెల్లడించి, 1963లో ఆటోఫజీ, అనగా స్వభక్షణ, అను పేరును ప్రతిపాదించెను. కణము శిథిలమైన తన భాగములను రెండుపొరల సంచిలో బంధించి, లైసోజోముతో కలిపి జీర్ణించుకొని, ఆ సారమును మరల వినియోగించుకొనును. దీనికి మూలమైన జన్యువులను ఈస్టులో గుర్తించిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమానము లభించెను. ఈ క్రియ కుంటుపడుటకును పార్కిన్సన్ వంటి నాడీవ్యాధులకును సంబంధము కలదు.

క్షయక్రిమి భక్షకకణమున చిక్కియు, లైసోజోమును తప్పించుకొని జీవింపగలదు. అట్టి క్రిమిని పట్టి జీర్ణించుటకు స్వభక్షణ తోడ్పడునని నేటి పరిశోధనలు తెలుపుచున్నవి. ల్యుద్మీలాను బలిగొన్న వ్యాధికి ఎదురుమార్గమొకటి, మెచ్నికోవ్ యౌవనముననే గాంచిన కణాంతర జీర్ణక్రియయందే దాగియుండెను.