శ్రీమతి ఎల్సా బెస్కో

స్వీడను దేశపు బాలబాలికల కథకురాలు ఎల్సా బెస్కో 1874వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని స్టాక్‌హోము నగరమున జన్మించెను. పదునైదవ యేట తండ్రి గతింపగా, తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని అవివాహితలగు తన తోబుట్టువుల యింట చేరెను. పినతల్లుల నీడను పెరుగుట యెట్టిదో సిర్గాపురపు పిల్లలకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

ఎల్సా చిత్రలేఖనము నేర్చి, ఉపాధ్యాయినియై, 1897లో సువార్త బోధకుడగు నథానియేలు బెస్కోను వివాహమాడెను. వారి కార్గురు కుమారులు. ఆమె మొదటి పుస్తకము 1897లో వెలువడెను.

1918 నాటి బొమ్మల పుస్తకమున ముగ్గురత్తలు గలరు. ఆకుపచ్చ, గోధుమ, ఊదా యను వారి దుస్తుల వన్నెలే వారి పేర్లు. ఒకామెకు తోటపని, ఒకామెకు పిండివంటలు, ఒకామెకు కుట్టుపని ప్రీతి. తప్పిపోయిన వారి కుక్కను పెట్టరు, లొట్టా యను తలిదండ్రులు లేని యిరువురు తోబుట్టువులు కనుగొనిరి. అత్తలు వారిని తమ యింటనే నిలుపుకొనిరి. అనాథల కథ వ్రాసి కన్నీరు గార్పించుట సులభము. ఆమె యట్లు చేయలేదు. తరువాతి పుస్తకములలో వారు సొంత బిడ్డలవలెనే యల్లరి చేయుదురు. మాకు మిక్కిలి నచ్చినది యిదియే.

ఈ వరుసలో కడపటిదగు క్రిస్మసు కథను ఆమె 1947లో, డెబ్బదిమూడవ యేట ప్రకటించెను. 1953 జూన్ 30వ తేదీని పరమపదించెను.