బూట్లు తుడిచిన విద్యార్థి

జార్జి విట్‌ఫీల్డ్ అనగానే మన సంఘాల్లో చాలామందికి ఆరుబయట వేలాది జనానికి వినబడిన ఆ గొప్ప కంఠం గుర్తొస్తుంది. ఈ వారం మేము ఆయన చేతుల గురించి చెప్పదలిచాం. ఆక్స్‌ఫర్డ్‌లో తోటి విద్యార్థుల బూట్లు తుడిచిన చేతులవి.

1714 డిసెంబరులో ఇంగ్లాండులోని గ్లాస్టర్ పట్టణంలో, బెల్ అనే సత్రంలో ఆయన పుట్టాడు. రెండేళ్ల వయసులో తండ్రి పోయాడు. సత్రం భారం తల్లి మీద పడింది. పదిహేనేళ్లకే బడి మానేసి, నీలం గుడ్డ నడుముకు కట్టుకుని గదులు కడిగాడు, వచ్చినవారికి మద్యం అందించాడు. చదువు ఆశ వదులుకున్న రోజులవి. ఒకనాడు ఆక్స్‌ఫర్డ్ పెంబ్రోక్ కాలేజీలో చదివే ఓ పేద విద్యార్థి వాళ్లింటికి వచ్చి, తన ఖర్చులన్నీ పోను ఇంకా ఒక పెన్నీ మిగిలిందని చెప్పాడు. అది విని తల్లి ప్రాణం లేచి వచ్చింది. 1732లో విట్‌ఫీల్డ్ ఆ కాలేజీలోనే చేరాడు, సర్విటర్‌గా.

సర్విటర్ అంటే ఫీజుకు బదులు సేవ చేసే విద్యార్థి. శ్రీమంతుల కుమారులను ఉదయం నిద్ర లేపాలి, వాళ్ల బూట్లు తుడవాలి, భోజనం మోయాలి. కొన్నిసార్లు వాళ్లు రాయాల్సిన పాఠాలూ రాసిపెట్టాలి. డబ్బున్నవారికి పట్టు గౌను, సర్విటర్‌కు నాసిరకం గౌను. దూరం నుంచే ఎవరెవరో తెలిసిపోతుంది. పైస్థాయి విద్యార్థి సర్విటర్‌తో మాట్లాడుతూ కనబడితే చిన్నతనం. సత్రంలో పని నేర్చినవాడు గనుక విట్‌ఫీల్డ్‌ను చాలామంది కోరి పిలిచేవారు. మొదటి మూడేళ్లలో బంధువులందరి మీదా కలిపి ఆయన మోపిన ఖర్చు 24 పౌండ్లు దాటలేదు.

రాత్రివేళ గది గదికీ వెళ్లి తలుపు కొట్టడం, లోపల విద్యార్థి లేకపోతే పైవారికి చెప్పడం కూడా ఆ కాలేజీలో సర్విటర్ పనే. విట్‌ఫీల్డ్‌కు కొద్ది ఏళ్ల ముందు అక్కడ శామ్యూల్ జాన్సన్ చదివాడు. తర్వాత ఆంగ్ల నిఘంటువు కూర్చిన ఆ మహానుభావుడే. ఆయనా పేదవాడే. చిరిగిన బూట్లు చూసి ఎవరో కొత్త జత గుమ్మం దగ్గర పెడితే, అవమానమనిపించి విసిరేశాడు. డబ్బు లేక డిగ్రీ పూర్తి కాకుండానే వెళ్లిపోయాడు. అలాంటివాడు కూడా, తలుపు కొట్టిన సర్విటర్‌ను కుండలు, కొవ్వొత్తి స్తంభాలు మోగిస్తూ తరిమే అల్లరి గుంపులో కలిసేవాడని ఆయన జీవిత చరిత్రలో ఉంది. లేనివాడు తనకన్నా లేనివాణ్ణి తరిమాడన్నమాట.

ఆ రోజుల్లో వెస్లీ సోదరులు, వారి మిత్రులు ప్రార్థనకు కూడుకుంటూ, చెరసాలలో ఉన్నవారిని, బీదలను దర్శిస్తున్నారు. విట్‌ఫీల్డ్ మనసు వారి వైపే లాగింది. కానీ సర్విటర్ తనంతట తాను వెళ్లి ఎలా పలకరిస్తాడు? 1733లో బీదల పనిగృహంలో (వర్క్‌హౌస్) ఒక స్త్రీ గొంతు కోసుకోబోయింది. ఆ సంగతి చార్లెస్ వెస్లీకి చెప్పమని విట్‌ఫీల్డ్ ఆపిల్ పండ్లమ్మే ఓ ముసలమ్మను పంపాడు. తన పేరు మాత్రం చెప్పవద్దన్నాడు. ఆమె చెప్పేసింది! మర్నాడు ఉదయం తనతో కలిసి ఫలహారం చేయమని చార్లెస్ కబురు పంపాడు. ఆ బల్ల దగ్గర మొదలైన స్నేహం విట్‌ఫీల్డ్‌ను మారుమనస్సుకు నడిపించింది. మూల్యమూ ఉంది. కొందరు విద్యార్థులు ఆయనపై మట్టి విసిరారు, కొందరు ఇచ్చే కూలి ఆపేశారు. సర్విటర్‌కు అది ఫీజు పోవడంతో సమానం.

1739లో కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీల మధ్య ఆయన చేసిన పరిచర్య మనకు తెలిసిందే. 1768లో ఆక్స్‌ఫర్డ్ సెయింట్ ఎడ్మండ్ హాల్ నుంచి ఆరుగురు మెథడిస్టు విద్యార్థులను వెళ్లగొట్టారు. వారి మీద మోపిన నేరాల్లో కులవృత్తుల లాంటి పనులు చేసినవారన్నది ఒకటి. ఒకడు మంగలి, మరొకడు నేతగాడు, మద్యం అందించినవాడు. విశ్వవిద్యాలయ ఉపకులపతికి విట్‌ఫీల్డ్ బహిరంగ లేఖ రాశాడు. సత్రంలో తానూ అదే పని చేశాడు కదా!

మన సండే స్కూళ్లలో ఇక్కడితో ఆపేస్తాం. అలా ఆపడం నిజాయితీ కాదని మా అభిప్రాయం. జార్జియాలో ఆయన అనాథ పిల్లలకు గృహం కట్టాడు. దాని పోషణకు బానిసలు కావాలన్నాడు. అక్కడ నిషేధంలో ఉన్న బానిసత్వాన్ని అనుమతించమని అధికారులను కోరాడు. 1751లో అనుమతి వచ్చింది. 1770లో ఆయన చనిపోయినప్పుడు, వీలునామాలో ఆ గృహపు భూములతోపాటు బానిసలను కూడా హంటింగ్‌డన్ ప్రభురాలికి రాసిపెట్టాడు.

ఫిలడెల్ఫియాలో ఆయన ప్రసంగాల కోసం, బీద పిల్లల ఉచిత బడి కోసం 1740లో ఒక భవనం తలపెట్టారు. ఆ బడి అప్పట్లో తెరుచుకోలేదు. భవనం మాత్రం తర్వాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి తొలి నివాసమైంది. ఈనాడు అమెరికాలో బహు ఖరీదైన చదువుల్లో అక్కడి చదువు ఒకటి. విద్యార్థుల వసతి గృహాల ఆవరణలో ఆయన విగ్రహం చాలా ఏళ్లు నిలిచింది. బానిసత్వాన్ని సమర్థించినందుకు దాన్ని తీసివేస్తామని 2020లో ఆ విశ్వవిద్యాలయం ప్రకటించింది.