భూమిని కొలిచిన అల్‌బిరూనీ

అబూ రైహాన్ అల్‌బిరూనీ గారి పేరు మన పిల్లల్లో చాలామంది విని ఉండరు. అందుకే ఆ మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో క్లుప్తంగా మీ ముందుంచుతున్నాము.

ఆయన 973లో ఖ్వారిజం దేశంలోని కాత్ పట్టణం దగ్గర జన్మించారు. అది నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. చిన్నప్పటినుంచీ లెక్కలన్నా, నక్షత్రాలన్నా ఆయనకు ప్రాణం. యువకుడిగా ఉండగానే ఊళ్ళ మధ్య దూరాలు సేకరించి, పది మూరల అడ్డకొలత గల అర్ధగోళం తయారుచేసి, దానిమీద ఊళ్ళను గుర్తించసాగారు. 995లో యుద్ధం వచ్చిపడి, ఆ పని వదిలి వెళ్ళిపోవలసి వచ్చింది. అయినా నిరాశపడలేదు. 997లో చంద్రగ్రహణం నాడు కాత్‌లో ఆయన, బాగ్దాదులో అబుల్ వఫా గారు ముందే అనుకుని గ్రహణ వేళను గుర్తించారు. రెండుచోట్ల వేళల తేడాను బట్టి ఏ ఊరు ఎంత తూర్పున ఉందో లెక్కతేల్చారు.

1017లో గజనీ సుల్తాన్ మహమూద్ ఖ్వారిజంను జయించి ఆయనను గజనీకి తీసుకుపోయాడు. పరాయి ఊళ్ళో, పరాధీనంగా ఉంటూ కూడా కలం దించలేదు. గజనీనుంచి మక్కా ఏ దిక్కున ఉందో తేల్చడానికి 1025లో పెద్ద గ్రంథమే పూర్తిచేశారు. మనం ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెల్లో పడమటివైపు తిరిగి నమాజు చేస్తాం. సరిగ్గా లెక్కిస్తే కిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ఈ లెక్కకు దారి వేసిన పెద్దల్లో ఆయనొకరు.

ఖలీఫా మామూన్ కాలంలో భూమిని కొలవడానికి ఎడారిలో మైళ్ళకొద్దీ నడిచారు. బిరూనీ గారు జీలం ప్రాంతంలో నందనా కోట దగ్గర ఒక కొండ ఎత్తు కొలిచి, పైనుంచి నేలా నింగీ కలిసే అంచు ఎంత కిందికి వాలి కనబడుతుందో చూసి, భూమి వ్యాసార్థాన్నే లెక్కకట్టారు.

సుల్తాన్ దండు ఈ దేశంమీద పడుతున్న రోజుల్లోనే ఆయన పండితులవద్ద సంస్కృతం నేర్చుకున్నారు. 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రాశారు. ధార్‌నుంచి దక్షిణంగా గోదావరి ఒడ్డుదాకా మజిలీల దూరాలు అందులో ఉన్నాయి. మన భద్రాచలం పక్కన పారే గోదావరే అది! ఆంధ్రదేశపు లిపిని కూడా ఆయన పేర్కొన్నారు.

1050 ప్రాంతంలో గజనీలో కన్నుమూశారు. చివరి ఘడియల్లో సైతం, చూడవచ్చిన మిత్రుణ్ణి వారసత్వపు లెక్క ఒకటి అడిగి తెలుసుకున్నారని చెబుతారు.

ఇరుగుపొరుగు కోయ సోదరుల మాట మనలో ఎందరికి వచ్చు? పదో తరగతి తప్పాడని కొడుకునూ, పెద్దదైందని కూతురునూ బడి మాన్పించే తల్లిదండ్రులు ఈ జీవితాన్ని ఒకసారి తలచుకోవాలని మా మనవి.