పాంచ్‌గని పిల్లాడు.. ప్రపంచాన్ని ఊపేశాడు!

‘క్వీన్’ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ప్రస్థానం

కృష్ణమ్మ పుట్టిన చోటు చూద్దామని మహాబలేశ్వర్ వెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో. పుణె వైపు నుంచి వాయి దాటి ఘాట్ ఎక్కితే ముందుగా తగిలేది పాంచ్‌గని. పిల్లలకు స్ట్రాబెర్రీలు కొనిపెట్టి, టేబుల్ ల్యాండ్ మీద నాలుగు ఫొటోలు దిగి పైకి వెళ్లిపోతాం. ఆ ఊళ్లోనే సెయింట్ పీటర్స్ అనే పాత బోర్డింగ్ స్కూలు ఉంది. 1950లలో ఆ హాస్టల్లో ఓ పార్సీ పిల్లాడు చదువుకున్నాడు. పై పళ్లు కాస్త ముందుకు ఉండటంతో తోటి పిల్లలు ఏడిపించేవారు. ఆ పిల్లాడే తర్వాత లండన్ వెంబ్లీ స్టేడియంలో 72 వేల మందిని చేతి సైగతో ఆడించాడు. అతనే ‘క్వీన్’ హెవీ రాక్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. ఆ ఇంటిపేరు మాత్రం ప్రపంచానికి పెద్దగా తెలియదు. తెలియనివ్వలేదు కూడా.

ఊరి పేరే ఇంటిపేరు

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేం కాదు. బుల్సారా కూడా అలాంటిదే. గుజరాత్‌లో ఇప్పటి వల్సాడ్‌ను ఒకప్పుడు బుల్సార్ అనేవారు. ఆ ఊరి నుంచి వచ్చిన పార్సీల ఇంటిపేరు అది. తండ్రి బోమీ బుల్సారా బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగి. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో కోర్టు క్యాషియరుగా పనిచేసేవారు. తల్లి జెర్. 1946 సెప్టెంబరు 5న ఫరూఖ్ అక్కడే పుట్టాడు.

ఎనిమిదేళ్ల వయసులో, 1955లో, కొడుకును ఓడెక్కించి చదువు కోసం బొంబాయి పంపారు. అక్కడి నుంచి పాంచ్‌గని. అమ్మానాన్నలు సముద్రం అవతల. సెలవులొస్తే బొంబాయిలోని బంధువుల ఇల్లే దిక్కు. స్కూల్లో టేబుల్ టెన్నిస్ బాగా ఆడేవాడు, బొమ్మలు వేసేవాడు. పాటలో చురుకుదనం ఉందని స్కూలు వాళ్లు ఇంటికి రాస్తే, విడిగా ఫీజు కట్టి పియానో నేర్పించారు. నాలుగో గ్రేడు దాకా నేర్చుకున్నాడు. 1958లో మరో నలుగురు కుర్రాళ్లతో కలిసి ‘హెక్టిక్స్’ అనే బృందం కట్టాడు. స్కూలు వేడుకల్లో అప్పటి ఇంగ్లిష్ రాక్ పాటలు వాయించేవారు. ఫరూఖ్ అందులో పియానో వాద్యకారుడే. ఫ్రెడ్డీ అన్న ముద్దు పేరు అతికించింది కూడా ఈ హాస్టలే.

రెండు పెట్టెలతో లండన్‌కు

చదువు మధ్యలోనే జాంజిబార్ తిరిగి వెళ్లాడు. ఎంతోకాలం ఉండనివ్వలేదు. 1964 జనవరిలో దీవిలో తిరుగుబాటు వచ్చింది. అరబ్బులు, భారతీయులు వేల సంఖ్యలో చనిపోయారు. బుల్సారా కుటుంబం చేతికందింది సర్దుకుని ఇంగ్లండ్ చేరింది. హీత్రో విమానాశ్రయం దగ్గరి ఫెల్తామ్‌లో ఓ చిన్న ఇల్లు. అప్పటికి ఫ్రెడ్డీకి 17 ఏళ్లు.

ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివి 1969లో డిప్లొమా తీసుకున్నాడు. ఖర్చుల కోసం హీత్రోలో సామాన్లు మోశాడు. కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత బట్టలు అమ్మాడు. మధ్యలో ఒకటి రెండు చిన్న బ్యాండ్లలో పాడాడు. ఏదీ నిలబడలేదు.

కాలేజీ స్నేహితుడొకడు ‘స్మైల్’ అనే బ్యాండ్‌లో ఉండేవాడు. గిటార్ బ్రయన్ మే, డ్రమ్స్ రోజర్ టేలర్. ఫ్రెడ్డీ వాళ్ల వెంటే తిరిగేవాడు. 1970లో ఆ స్నేహితుడు తప్పుకున్నాడు. ఖాళీలోకి ఫ్రెడ్డీ వచ్చాడు. వస్తూనే బ్యాండ్ పేరు మార్చి ‘క్వీన్’ అని పెట్టాడు. దాదాపు అదే సమయంలో తన ఇంటిపేరూ మార్చేశాడు. బుల్సారా పోయి మెర్క్యురీ వచ్చింది. 1971లో బాస్ గిటార్ వాయించే జాన్ డీకన్ చేరడంతో నలుగురయ్యారు. నలుగురి రాశుల గుర్తులతో ఫ్రెడ్డీయే బ్యాండ్ ముద్ర గీశాడు. ఆర్ట్ కాలేజీ చదువు అలా పనికొచ్చింది.

అందరూ చదువుకున్నవాళ్లే

రాక్ బ్యాండ్ అంటే చదువబ్బని కుర్రాళ్లు అనుకుంటాం. క్వీన్ సంగతి వేరు. బ్రయన్ మే ఖగోళ శాస్త్రంలో పరిశోధన చేస్తూ బ్యాండ్ కోసం వదిలేశాడు. ముప్పై ఏళ్లు దాటాక 2007లో మళ్లీ పూర్తిచేసి డాక్టరేట్ తీసుకున్నాడు. అతని గిటార్ కూడా కొన్నది కాదు. తండ్రీకొడుకులు పాత చలిమంట గూటి కలపతో ఇంట్లోనే చేసుకున్నది. టేలర్ దంతవైద్యంలో చేరి జీవశాస్త్రానికి మారాడు. డీకన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు.

మొదటి రికార్డు పని 1972లో మొదలైంది. ట్రైడెంట్ స్టూడియో వాళ్లు పెద్ద గాయకులు పాడి వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ వేళల్లో వీళ్లకు గది ఇచ్చేవారు. అందుకే అది బయటికి వచ్చేసరికి 1973 జులై అయింది. చెవులు దద్దరిల్లే గిటార్లు, ఉరిమే డ్రమ్స్‌తో అది అచ్చమైన హెవీ రాక్. లెడ్ జెప్లిన్ బ్యాండ్‌తో పోల్చారు. అయితే క్వీన్‌కు తనదంటూ ఒకటుంది. ఒకే గొంతును, ఒకే గిటార్‌ను మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చి పెద్ద బృందం వాయిస్తున్నట్టు వినిపించేవారు. 1980 దాకా సింథసైజర్ ముట్టలేదు.

1974లో ‘కిల్లర్ క్వీన్’ పాట బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరింది. పేరొచ్చింది కానీ డబ్బు రాలేదు. పాట ఊరంతా మోగుతున్నా మేనేజ్‌మెంట్ ఇచ్చే వారపు జీతం మీదే బతికారు. 1975లో గొడవపడి బయటికి వచ్చారు. తర్వాత చేసే రికార్డు తేలిపోతే బ్యాండ్ మూసుకోవాల్సిందే అన్నట్టుంది పరిస్థితి.

ఆరు నిమిషాల పందెం

అలాంటి సమయంలో ఫ్రెడ్డీ రాసిన పాటే ‘బొహీమియన్ రాప్సడీ’. రేడియో పాట అంటే మూడు నిమిషాలన్నది లెక్క. ఇది 5 నిమిషాల 55 సెకన్లు. పల్లవి తిరిగి రాదు. నెమ్మదిగా మొదలై, మధ్యలో ఒపేరాలోకి వెళ్లి, హెవీ రాక్‌గా పేలి, చివరకు గుసగుసలా ముగుస్తుంది. ఒపేరా భాగంలో వినిపించే జనసమూహం నిజానికి ముగ్గురే. ఫ్రెడ్డీ, మే, టేలర్ వారాల తరబడి పాడిన గొంతులను పేర్చుకుంటూ పోయారు.

ఇంత పొడుగు పాటను రేడియోలో వేయరని కంపెనీ పెదవి విరిచింది. కత్తిరించడానికి బ్యాండ్ ఒప్పుకోలేదు. కెన్నీ ఎవరెట్ అనే రేడియో వ్యాఖ్యాత మాత్రం ఒకే వారాంతంలో 14 సార్లు వినిపించాడు. అంతే.. జనం రికార్డు షాపులకు పరుగులు తీశారు. 1975 అక్టోబరు 31న విడుదలైన ఆ పాట బ్రిటన్‌లో 9 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది.

ఆ తర్వాత వెనక్కి చూడలేదు. 1976లో లండన్ హైడ్ పార్కు ఉచిత కచేరీకి లక్షన్నర మంది వచ్చారని అంచనా. 1977లో మే రాసిన ‘వి విల్ రాక్ యూ’, ఫ్రెడ్డీ రాసిన ‘వి ఆర్ ది ఛాంపియన్స్’ ఆట మైదానాల పాటలైపోయాయి. 1981లో బ్రెజిల్‌లోని సావోపౌలోలో ఒక్క రాత్రే 1,31,000 మంది వచ్చారు. నలుగురూ హిట్ పాటలు రాసినవాళ్లే కావడం ఈ బ్యాండ్ ప్రత్యేకత. తగవులకు కారణమూ అదే. పాట ఎవరి పేరు మీద ఉంటే రాయల్టీ వాళ్లకే మరి.

ఓ మచ్చ.. ఓ మలుపు

1982లో డ్యాన్స్ బాణీల వైపు వెళ్లి చేసిన రికార్డు పాత అభిమానులకు నచ్చలేదు. 1984లో ఇంకా పెద్ద పొరపాటు. దక్షిణాఫ్రికాలో నల్లవారిపై వర్ణవివక్ష సాగుతున్న రోజుల్లో సన్ సిటీలో కచేరీలు చేశారు. సంగీతకారుల యూనియన్ జరిమానా వేసింది. ఐక్యరాజ్య సమితి బహిష్కరణ జాబితాలో పేరెక్కింది. ఆఫ్రికాలో పుట్టిన భారత సంతతి గాయకుడు అక్కడ పాడటం చాలామందికి మింగుడు పడలేదు.

బ్యాండ్ పనైపోయిందన్న మాట వినిపిస్తున్న వేళ, 1985 జులై 13న లైవ్ ఎయిడ్ వచ్చింది. ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన కచేరీ అది. ఒక్కో బృందానికి ఇచ్చింది ఇరవై నిమిషాలే. క్వీన్ ముందే గడియారం పెట్టుకుని సాధన చేసింది. కొత్త పాటలు అమ్ముకునే ప్రయత్నం చేయకుండా జనానికి తెలిసినవే పాడారు. తెల్ల బనియను, నీలం జీన్స్‌తో ఫ్రెడ్డీ పియానో దగ్గర కూర్చున్న క్షణం నుంచి స్టేడియం అతనిదే. ఆ రోజు గెలిచింది క్వీనే అని చెప్పుకొంటారు.

మరుసటి ఏడాది ఆగస్టు 9న నెబ్‌వర్త్ కచేరీకి లక్షకు పైగా జనం. ఫ్రెడ్డీతో క్వీన్ చేసిన చివరి కచేరీ అదేనని ఎవరికీ తెలియదు.

పేరు చెప్పని జబ్బు

1987లో ఫ్రెడ్డీకి ఎయిడ్స్ అని తేలింది. అప్పట్లో అది మరణశిక్షే. ప్రాణం నిలబెట్టే మందుల కలయిక 1996లో గానీ రాలేదు. బయటికి చెబితే చికిత్స కంటే వెలివేతే ముందు వచ్చే కాలం. ఆ జబ్బు పేరు దాచుకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి.

1989లో తోటి ముగ్గురికి చెప్పాడు. ఆ ఏడాది వచ్చిన ‘ది మిరకిల్’ రికార్డులో ఓ మార్పు కనిపిస్తుంది. ఏ పాటకూ విడిగా రచయిత పేరు లేదు. అన్నీ ‘క్వీన్’ రాసినవే. ఏళ్ల తరబడి తగవు పెట్టిన పేరు గొడవ అలా ముగిసింది. రాయల్టీ నలుగురికీ సమానం.

పత్రికల వాళ్లు లండన్‌లో గేటు ముందు కాపలా కాస్తుంటే, ఫ్రెడ్డీ స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ సరస్సు ఒడ్డున క్వీన్ సొంత స్టూడియోకు వెళ్లిపోయాడు. ఓపిక ఉన్న రోజున పాడాడు. మిగతావారు వాయిద్యాలు తర్వాత కలుపుకోవచ్చు, ముందు గొంతు రికార్డు కావాలన్నదే అతని ఆలోచన. 1991 మేలో ‘మదర్ లవ్’ పాట చివరి చరణం మిగిలిపోయింది. దాన్ని తర్వాత బ్రయన్ మే పాడి పూర్తిచేశాడు. ఆ పాటలు 1995లో ‘మేడ్ ఇన్ హెవెన్’ పేరుతో వచ్చాయి.

1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ ఉందని ప్రకటన విడుదల చేయించాడు. మర్నాడే, నవంబరు 24న, కెన్సింగ్టన్ ఇంట్లో కన్నుమూశాడు. వయసు 45 ఏళ్లు. ముందే చెప్పి ఉంటే బాధితులకు ధైర్యం వచ్చేదన్న విమర్శ ఉంది. రోగి ఇష్టమే ముఖ్యమన్న వాదనా ఉంది. ఒకటి మాత్రం నిజం.. అతని మరణంతో ఆ జబ్బు గురించి ఇళ్లలో మాట్లాడుకోవడం మొదలైంది. మళ్లీ విడుదలై మొదటి స్థానానికి చేరిన ‘బొహీమియన్ రాప్సడీ’ ఆదాయం ఎయిడ్స్ బాధితుల సంస్థకు వెళ్లింది. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో జరిగిన నివాళి కచేరీతో మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు పుట్టింది.

గోడ మీద ఇంటిపేరు

పాంచ్‌గని గురించీ, జాంజిబార్ గురించీ ఫ్రెడ్డీ బయట మాట్లాడింది చాలా తక్కువ. ప్రపంచమంతా తిరిగిన క్వీన్, అతను ఉన్నన్నాళ్లూ భారతదేశంలో ఒక్క కచేరీ చేయలేదు. అయినా చివరి కార్యం పార్సీ పురోహితులే జరిపించారు. చితాభస్మం ఎక్కడ ఉంచారో అభిమానులకు తెలియనివ్వలేదు. అందుకే వెళ్లి పూలు పెట్టడానికి సమాధి లేదు.

2016 సెప్టెంబరు 1న ఫెల్తామ్‌లోని ఆ పాత ఇంటి గోడకు నీలం పలక అమర్చారు. చెల్లెలు, బ్రయన్ మే కలిసి ఆవిష్కరించారు. పలక మీద పెద్దగా ఫ్రెడ్డీ మెర్క్యురీ అని ఉంది. దాని పక్కనే బ్రాకెట్లలో ఫ్రెడ్ బుల్సారా అనీ ఉంది. పాంచ్‌గని హాస్టల్ పిల్లలు పెట్టిన పేరు, గుజరాత్ ఊరు ఇచ్చిన ఇంటిపేరు.. చివరకు ఒకే చోట చేరాయి.