జేమ్స్ మన్రో

అమెరికా సంయుక్త రాష్ట్రముల అయిదవ అధ్యక్షుడగు జేమ్స్ మన్రో 1758లో వర్జీనియాలో జన్మించెను. స్వాతంత్ర్య సమరమున చేరి, పదునెనిమిదేండ్ల ప్రాయమున ట్రెంటన్ యుద్ధములో తీవ్రముగా గాయపడెను. 1817లో అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమున దక్షిణ అమెరికా దేశములు స్పెయిన్ పాలననుండి విముక్తి పొందుచుండెను. ఐరోపా రాజులు వానిని మరల లోబరచుకొందురను భయము కలిగెను. అంతట మన్రో, మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్‌తో ఆలోచించి, 1823 డిసెంబరు 2న కాంగ్రెసునకు సందేశము పంపెను. అమెరికా ఖండములలో ఐరోపా రాజ్యములు క్రొత్త వలసలు స్థాపింపరాదనియు, ఐరోపా కలహములలో తాము కలుగజేసికొనమనియు దాని సారము.

మన్రో 1831లో మరణించెను. 1904లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు ఆ సూత్రమునే పొరుగు దేశములలో తమ జోక్యమునకు ఆధారముగా చేసికొనెను. పరుల జోక్యమును వారించువాడు తానును దానిని మానినప్పుడే ఆ నీతి శోభించును.