చీకటి గదిలో ఎడ్వర్డ్ వెస్టన్ సాధన

నలుపు తెలుపుల ఛాయాచిత్రానికి ఇరవయ్యో శతాబ్దంలో కొత్త ప్రమాణాలు నెలకొల్పిన వారిలో అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ వెస్టన్ అగ్రగణ్యుడు. క్యాప్సికం కాయ, గవ్వ, ఇసుక తిన్నె వంటి సామాన్య వస్తువులకు ఆయన శిల్పాల గాంభీర్యాన్ని కల్పించారు. ఆ ఘనతలో కెమెరాకు ఎంత పాలు ఉందో, ముద్రణకు ఆయన ఎంచుకున్న కాగితానికీ, డెవలపర్‌కూ అంతే పాలు ఉంది.

వెస్టన్ 1886 మార్చి 24న ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైలాండ్ పార్క్‌లో జన్మించారు. పదహారేళ్ల వయసులో తండ్రి కానుకగా ఇచ్చిన చిన్న కెమెరాతో ఆయన జీవితం మలుపు తిరిగింది. 1906లో కాలిఫోర్నియా చేరి, 1911లో ట్రోపికోలో సొంత స్టూడియో తెరిచారు. మంచుతెర కప్పినట్టు మసకగా ఉండే చిత్రాలు ఆనాటి అభిరుచి. ఆ పద్ధతిలోనే ఆయన బహుమతులు, పేరు సంపాదించారు.

1923లో టీనా మొడొట్టీతో కలిసి మెక్సికో వెళ్లిన తర్వాత ఆ మసకతనంపై ఆయనకు పూర్తిగా విముఖత కలిగింది. వస్తువును ఉన్నది ఉన్నట్టు, అత్యంత స్పష్టంగా చూపడమే లక్ష్యమైంది. ముద్రణకు మాత్రం ప్లాటినం, పల్లాడియం కాగితాలనే వాడుతూ వచ్చారు. వీటిలో లోహపు రేణువులు కాగితపు పీచులోనే ఇంకి, మృదువైన బూడిద ఛాయలు ఏర్పడతాయి. అందమైనవే కాని ఖరీదైనవి; చిక్కటి నలుపును, సూక్ష్మమైన అంచులను పూర్తిగా పట్టలేవు.

కాలిఫోర్నియాకు తిరిగివచ్చి కార్మెల్‌లో స్థిరపడ్డాక, 1930 నాటికి ఆయన నిగనిగలాడే వెండి లవణాల కాగితానికి మారారు. ఇందులో చిత్రం కాగితంలోకి ఇంకదు. తెల్లని బేరియం పూతపై ఉన్న జెలటిన్ పొరలో నిలుస్తుంది. అందువల్ల నలుపు లోతుగా, తెలుపు కాంతిమంతంగా, గీత పదునుగా కనిపిస్తాయి. ఆ ఏడాదే తీసిన 30వ నంబరు క్యాప్సికం చిత్రం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆయన వాడిన పెద్ద కెమెరా నెగెటివ్ 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు ఉండేది. దాన్ని కాగితానికి ఆనించి, చట్రంలో బిగించి, పైన వేలాడే బల్బు వెలుగు చూపేవారు. నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే. పెంచడం లేదు కనుక ఒక్క వివరమూ చెదరదు. ఇలాంటి ముద్రణ కోసమే సిల్వర్ క్లోరైడ్ కాగితాలు ఉండేవి. వెలుగుకు మెల్లగా స్పందించడం వాటి స్వభావం. ఎన్‌లార్జర్ నుంచి వచ్చే బలహీనమైన కాంతి వాటికి చాలదు. బల్బు నేరుగా పడాలి. నెగెటివ్ పేలవంగా ఉంటే గట్టి రకం కాగితం, వెలుగునీడల తేడా ఎక్కువైతే మెత్తని రకం ఎంచుకోవడం అసలు విద్య.

డెవలపర్‌గా ఆయన అమిడాల్‌ను ఎంచుకున్నారు. ఇతర డెవలపర్ల మాదిరిగా దీనికి క్షారం అవసరం లేదు. సోడియం సల్ఫైట్ ద్రావణంలోనే పనిచేస్తుంది. మసక కమ్మకుండా కొంత పొటాషియం బ్రోమైడ్ చేరుస్తారు. క్లోరైడ్ కాగితంపై ఇది చిక్కటి, చల్లని నలుపునిస్తుంది. అయితే కలిపిన కొద్ది గంటలకే పాడవుతుంది కనుక ప్రతిసారీ తాజాగా తయారుచేసుకోవాలి. చేతికి అంటితే మరకలు ఒక పట్టాన పోవు. వెస్టన్ గోళ్లు నల్లబడి ఉండేవి. అవే ఆయన వృత్తికి చిహ్నమయ్యాయి.

ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. తర్వాత కత్తిరించి, పెంచి సరిదిద్దుకుందామనుకునే వెసులుబాటు లేదు. చిత్రం ఎలా ఉండాలో షట్టర్ నొక్కకముందే నిశ్చయించుకోవాలి. ఆ నియమమే ఆయన చూపుకు పదును పెట్టింది. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఇమోజెన్ కనింగ్‌హామ్ తదితరులతో కలిసి ఎఫ్/64 బృందంలో చేరారు. 1937లో గగెన్‌హైమ్ ఫెలోషిప్ పొందిన తొలి ఛాయాగ్రాహకుడయ్యారు. 1946లో న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయం ఆయన చిత్రాలతో భారీ ప్రదర్శన నిర్వహించింది.

అప్పటికే పార్కిన్సన్ వ్యాధి ఆయన్ను పట్టి పీడిస్తోంది. 1948లో పాయింట్ లోబోస్ తీరంలో చివరి చిత్రం తీశారు. నీడ పడాల్సినచోట అరచేతిని అడ్డుపెట్టి వెలుగును మలిచే పనికి వణికే చేతులు సహకరించలేదు. నెగెటివ్‌లు ఉన్నాయి, కాగితం ఉంది, అమిడాల్ ఉంది. ముద్రించే చేయి లేదు. ఆ లోటును కుమారులు పూడ్చారు. 1950ల తొలి సగంలో తండ్రి పర్యవేక్షణలో బ్రెట్ 800కు పైగా నెగెటివ్‌ల నుంచి ప్రింట్లు తీశారు. తండ్రి మరణానంతరం మరో కుమారుడు కోల్ ఆ బాధ్యత స్వీకరించారు.

1958 జనవరి 1న కార్మెల్ సమీపంలోని స్వగృహంలో వెస్టన్ కన్నుమూశారు. కాంటాక్ట్ కాగితాల్లో పేరెన్నికగన్న కొడాక్ ఎజో ఉత్పత్తి 2005లో నిలిచిపోయింది. అయినా పెద్ద నెగెటివ్‌లతో పనిచేసే సాధకులు కొందరు నేటికీ అమిడాల్ కలుపుకుని, బల్బు కింద కాంటాక్ట్ ప్రింట్లు తీస్తూనే ఉన్నారు. వారి చేతులపై పడే నల్లని మరకల్లో వెస్టన్ వారసత్వం సజీవంగా ఉంది.